ఆస్పిరిన్ 129 దగ్గరే ఎందుకు కరిగిపోయింది? తిరుపతి ల్యాబ్‌లో ఒక కేస్

నేపథ్యం

తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ. పేరుతో పనిలేదు. ఆఖరి సంవత్సరం కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఆస్పిరిన్ తయారీ ఉంది. 5 గ్రాముల సాలిసిలిక్ యాసిడ్, 7 మి.లీ. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్, నాలుగైదు చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపి, 50–60 డిగ్రీల వాటర్ బాత్‌లో పావుగంట ఉంచి, చల్లార్చి నీళ్లు పోస్తే తెల్లటి పొడి దిగుతుంది. ఎవరు చేసినా వచ్చే ప్రయోగమే. రికార్డులో రెండు అంకెలు రాయాలి: ఎన్ని గ్రాములు వచ్చింది, మెల్టింగ్ పాయింట్ (కరిగే ఉష్ణోగ్రత) ఎంత. వాళ్ల మాన్యువల్‌లో 135–136 డిగ్రీలని ఉంది. దానికి ఎంత దగ్గరగా వస్తే అన్ని మార్కులు.

నేను చాలాకాలం మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేశాను. ఇప్పుడు ఈ చుట్టుపక్కల కాలేజీ ల్యాబుల్లో బ్యాలెన్సులు, థర్మామీటర్లు, పీహెచ్ మీటర్లు సరిచూసి పెడుతుంటాను. అందుకే ల్యాబ్ చూసే మేడమ్ నాకు ఫోన్ చేశారు.

"పిల్లోళ్లు చేసిన ఆస్పిరిన్ ఒక్కటీ 135 దాటలేదు సార్. ఎన్‌హైడ్రైడ్ సీసా పాడైపోయిందేమో అని కొత్తదానికి లెటర్ పెట్టినాను. అంతలోపల ఒకసారి వచ్చి చూస్తారా?"

సమస్య

వెళ్లి రికార్డులు తిరగేశాను. 129–133, 127–132, 126–131, 124–130. ఒక్కరిదైతే చేతి పొరపాటు అనుకోవచ్చు. బ్యాచ్ మొత్తం కిందికే జరిగింది, పైగా ప్రతిదీ నాలుగు నుంచి ఆరు డిగ్రీల వెడల్పుంది.

ఈ రెంటినీ నేను విడివిడిగా చూస్తాను. కరగడం ఎక్కడ జరిగిందన్నది ఒక సంగతి, ఎంత వెడల్పున జరిగిందన్నది ఇంకో సంగతి. శుభ్రమైన పదార్థం ఒకటి, ఒకటిన్నర డిగ్రీలోపే మొత్తం కరిగిపోతుంది. థర్మామీటర్ తప్పు చూపిస్తుంటే రేంజ్ ఇరుకుగానే ఉండి, మొత్తంగా పక్కకు జరుగుతుంది. మలినం ఉంటే మొదలు బాగా కిందికి పడుతుంది, చివర కొద్దిగా పడుతుంది, మధ్యలో వెడల్పు పెరుగుతుంది. ఇక్కడ జరగడమూ ఉంది, వెడల్పూ ఉంది. కాబట్టి ఒకే కారణం కోసం వెతకకూడదని ఆ పేజీల దగ్గరే అనిపించింది.

ఎన్‌హైడ్రైడ్ సీసా మీద అనుమానం నాకు నిలవలేదు. అది తేమ పీల్చి పాడైతే చర్య సగంలో ఆగి, సాలిసిలిక్ యాసిడ్ మిగిలిపోవాలి. అప్పుడు దిగుబడి పడిపోవాలి, అందరి పొడిలోనూ ఫెర్రిక్ క్లోరైడ్‌తో ముదురు ఊదా రంగు రావాలి. 5 గ్రాములకు లెక్క ప్రకారం రావాల్సింది 6.5 గ్రాములు, చాలామందికి 5 దాటింది. ఫెర్రిక్ క్లోరైడ్ వేసి చూస్తే కొందరిది ముదురు ఊదా, కొందరిది లేత గులాబీ ఛాయ, ఇద్దరిది అసలు రంగే లేదు. ఒకే సీసాలోంచి తీసుకున్నవాళ్లకు ఇన్ని రకాలుగా రాదు. లెటర్‌ను కొన్నాళ్లు ఆపమని చెప్పాను.

అప్పటికే చేసి చూసినవి

నేను వెళ్లేసరికి వాళ్లు మూడు పనులు చేసి ఉన్నారు.

మొదటిది రీక్రిస్టలైజేషన్, అంటే పొడిని వేడి ద్రవంలో కరిగించి, చల్లార్చి, మళ్లీ స్ఫటికాలుగా దించి శుభ్రం చేయడం. మెల్టింగ్ పాయింట్ తక్కువుంటే ఎవరైనా చేసేది అదే. కానీ వీళ్లు మరిగే నీళ్లలో చేశారు. పొడి కరగడంలేదని బీకరును చాలాసేపు మంట మీదే ఉంచారు. ఆస్పిరిన్ ఒక ఎస్టర్. వేడినీళ్లలో, అందులోనూ సరిగా కడగక మిగిలిన సల్ఫ్యూరిక్ యాసిడ్ తోడుగా, మళ్లీ సాలిసిలిక్ యాసిడ్‌గా, ఎసిటిక్ యాసిడ్‌గా విడిపోతుంది. ఆ 124–130 ఎవరిదని అడిగితే, రెండుసార్లు రీక్రిస్టలైజ్ చేసిన అమ్మాయిదని తెలిసింది. తను మొదట చేసినప్పుడు వచ్చింది 129–133. శుభ్రం చేసినకొద్దీ కిందికి దిగుతోందంటే, ఆ శుభ్రం చేసే పద్ధతే మలినాన్ని పుట్టిస్తోందన్నమాట. ఈ కేస్ మొత్తంలో నాకు ఎక్కువ పనికొచ్చిన ఆధారం ఈ అమ్మాయి రికార్డు పేజీయే. పాత అంకెను కొట్టేసి కొత్తది రాయకుండా, రెండూ ఒకదాని కింద ఒకటి రాసిపెట్టింది.

రెండోది ఆరబెట్టడం. నవంబరు నెల, ఈశాన్య రుతుపవనాల వాన. ఫిల్టర్ పేపరు మీద పరిచిన పొడి తెల్లారినా చెమ్మగానే ఉంది. దాంతో హాట్ ఎయిర్ ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచారు. తడి ఆస్పిరిన్‌ను అంత వేడిలో అంతసేపు ఉంచితే, నీళ్లలో మరిగించినప్పుడు జరిగిందే నిదానంగా ఇక్కడా జరుగుతుంది. డెసికేటర్ (అడుగున తేమ పీల్చే పదార్థం ఉంచి, మూతవేసి ఆరబెట్టే గాజు పాత్ర) ఉంది కదా అని మూత తీసి చూస్తే, అడుగున కాల్షియం క్లోరైడ్ నీరుకారి పాకంలా ఉంది. ఎప్పుడు మార్చారో అటెండర్‌కీ గుర్తులేదు.

మూడోది పోలిక. మెడికల్ షాపు నుంచి ఆస్పిరిన్ మాత్రలు తెచ్చి, నూరి, క్యాపిలరీలో, అంటే సన్నటి గాజు ట్యూబులో, పెట్టి చూశారు. 140 దాటినా ట్యూబులో తెల్లటి మడ్డి అలాగే ఉంది. "మాత్రే సరిగా కరగలేదు సార్, ఇంక మేము చేసింది ఎట్ల కరుగుతుంది?" అన్నాడొక కుర్రాడు. మాత్రలో ఆస్పిరిన్‌తో పాటు పిండి పదార్థం, బైండర్లు ఉంటాయి. స్టార్చ్ కరగదు. ఇంకా వేడి చేస్తే మాడుతుంది, అంతే. ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటుంది. కరిగిన ఆస్పిరిన్‌లో స్టార్చ్ కలిసిపోదు కాబట్టి అది మెల్టింగ్ పాయింట్‌ను పెద్దగా దించదు. చివరి స్ఫటికం ఎప్పుడు మాయమైందో కంటికి కనబడనివ్వదు. మలినం మెల్టింగ్ పాయింట్‌ను దించాలంటే ద్రవంలో కరగాలి. సాలిసిలిక్ యాసిడ్ అలా కరుగుతుంది, సుద్దపొడి కరగదు.

ఇదే కుర్రాడు ఇంకో ప్రశ్న వేశాడు: "సాలిసిలిక్ 159కి కదా సార్ కరిగేది, అది కలిస్తే పైకి పోవాల కదా?" పోదు. తనకన్నా ఎక్కువ దగ్గర కరిగేది కలిసినా, తక్కువ పాళ్లలో ఉన్నంతవరకు అది దించుతుంది. నమ్మకపోతే చేసి చూడమన్నాను. ఆస్పిరిన్‌లో పదో వంతు సాలిసిలిక్ యాసిడ్ వేసి నూరి ట్యూబులో నింపాడు. 120 రాకముందే తడిసిపోవడం మొదలైంది. మిక్స్‌డ్ మెల్టింగ్ పాయింట్ పాఠం తనకు తానే చెప్పుకున్నాడు.

థర్మామీటర్‌తో ఎందుకు మొదలుపెట్టాను

నా ముందు అప్పటికి మూడు అనుమానాలున్నాయి: థర్మామీటర్, పదార్థం, వేడిచేసే తీరు. మూడింటినీ ఒకేసారి మార్చితే 135 రావచ్చు, కానీ దేనివల్ల వచ్చిందో తేలదు. థర్మామీటర్‌ను ముందు పెట్టుకున్నాను. దాన్ని పరీక్షించడానికి ఆస్పిరిన్ అక్కర్లేదు, ల్యాబ్‌లో ఉన్న సీసాలు చాలు.

"థర్మామీటర్ కొత్తది సార్, సర్టిఫికెట్ కూడా ఉంది," అన్నారు మేడమ్. అటెండర్ మరిగే నీళ్లలో పెట్టి 99 చిల్లర చూపిస్తోందని నాకు చూపించాడు. తిరుపతి ఎత్తుకు అది సరైనదే. తిరుమల కొండ మీదైతే సుమారు 97 దగ్గరే మరుగుతాయి. మెల్టింగ్ పాయింట్‌కు ఈ బాధ లేదు, గాలి ఒత్తిడి కొంత మారినా ఘనపదార్థం కరిగే ఉష్ణోగ్రత మనకు కనిపించేంతగా కదలదు. అయితే 99 దగ్గర సరిగా ఉన్నంత మాత్రాన 135 దగ్గర కూడా సరిగా ఉంటుందని చెప్పలేం.

నాలుగు పదార్థాలు తీసుకున్నాం: నాఫ్తలీన్ 80, ఎసిటనిలైడ్ 114, బెంజాయిక్ యాసిడ్ 122, సాలిసిలిక్ యాసిడ్ 159. ఇవి ఆ వేడికి చెడిపోకుండా కరుగుతాయి. అదే థీలే ట్యూబు (నూనె పోసి వేడిచేసే గాజు గొట్టం), అదే లిక్విడ్ పారఫిన్ నూనె, అదే థర్మామీటర్. నాఫ్తలీన్ 80కే కరిగింది. ఎసిటనిలైడ్ 113. బెంజాయిక్ 121. సాలిసిలిక్ 156.5. నాలుగూ ఇరుకు రేంజ్‌లోనే కరిగాయి.

తేడా అన్నిచోట్లా ఒకేలా లేదు, పైకి పోయేకొద్దీ పెరుగుతోంది. గాజు గుర్తులు జరిగి ఉంటే, పాదరసం దారం ఎక్కడైనా తెగి ఉంటే, తేడా అన్ని పాయింట్ల దగ్గరా దాదాపు ఒకేలా ఉండాలి. ఇలా పెరుగుతూ పోయేది థర్మామీటర్ కాడ నూనె బయట ఉండటం వల్ల. వాళ్ల 0–360 థర్మామీటర్ టోటల్ ఇమ్మర్షన్ రకం. పాదరసం దారం మొత్తం వేడిలో మునిగి ఉంటేనే దాని అంకె సరైనది. సర్టిఫికెట్ కూడా ఆ షరతు మీదే ఇస్తారు. థీలే ట్యూబులో మునిగేది బల్బు, దానిపైన కొద్ది భాగం మాత్రమే. 30 గుర్తు నుంచి పైన ఉన్న దారమంతా ల్యాబ్ గాలిలో చల్లగా ఉంటుంది, తక్కువగా వ్యాకోచిస్తుంది, తక్కువ చూపిస్తుంది.

దీనికి పాత లెక్క ఉంది: 0.00016 × బయట ఉన్న దారం డిగ్రీల్లో × (చూపించిన ఉష్ణోగ్రత − కాడ సగంలో ఉష్ణోగ్రత). కాడ మధ్యలో ఇంకో చిన్న థర్మామీటర్‌ను కట్టి చూస్తే 40 దగ్గరుంది. 121 దగ్గర బయట ఉన్న దారం 91 డిగ్రీలు. 0.00016 × 91 × 81 అంటే దాదాపు 1.2. సాలిసిలిక్ దగ్గర అదే లెక్క 2.3–2.4 ఇచ్చింది. నాఫ్తలీన్ దగ్గర అర డిగ్రీకి లోపే, ఆ థర్మామీటర్ మీద కంటికి ఆనదు. మాకు వచ్చిన తేడాలన్నీ ఈ లెక్కలో ఒదిగిపోయాయి. థర్మామీటర్ మంచిదే. వాడుతున్న తీరుకు దిద్దుబాటు కలపాలి, అది ఆస్పిరిన్ కరిగే చోట ఒకటిన్నర డిగ్రీ.

ఇక్కడితో సంతోషపడేవాళ్లు ఉంటారు. 129–133కి ఒకటిన్నర కలిపితే 130.5–134.5. వెడల్పు అలాగే ఉంది. ఇంకా సగం పని కూడా కాలేదు.

పదార్థం సంగతి

రీక్రిస్టలైజేషన్ ఆల్కహాల్‌కు మార్చాం. గ్రాముకు 3 మి.లీ. చొప్పున వెచ్చని ఆల్కహాల్‌లో కరిగించి, గ్రాముకు 7–8 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో పోసి, కదపకుండా చల్లారనివ్వడం. ఆస్పిరిన్ వేడిని చూసేది కొద్ది నిమిషాలే. సూదుల్లాంటి స్ఫటికాలు వచ్చాయి. వాటిని చల్లటి నీళ్లతో బాగా కడిగి, సక్షన్ మీద ఎక్కువసేపు ఉంచి, డెసికేటర్‌లో పెట్టాం. డెసికేటర్‌లోకి ముందుగా తాజా సిలికా జెల్. ఆ వానల్లో అది కూడా మర్నాటికే నీలం నుంచి గులాబీకి తిరిగింది. ఓవెన్‌లో వేయించి మళ్లీ పెట్టాల్సి వచ్చింది. బరువు స్థిరపడేదాకా ఆగాం. ఫెర్రిక్ క్లోరైడ్‌తో రంగు రాలేదు.

పోలికకు మాత్రల నుంచే ఆస్పిరిన్ తీశాం. నూరిన మాత్రలను వెచ్చని ఆల్కహాల్‌లో కలిపి, వడగట్టి, అడుగున మిగిలిన పిండిని పారేసి, పైది నీళ్లలో పోస్తే స్ఫటికాలు దిగాయి. ఇప్పుడు మా దగ్గర పిల్లలు చేసింది, మందుల కంపెనీ చేసింది, రెండూ ఒకే పద్ధతిలో ఆరినవి ఉన్నాయి.

రెండింటినీ పక్కపక్క ట్యూబుల్లో పెట్టి వేడి చేశాం. రెండూ 128 దగ్గర చెమ్మగిల్లి, 132 దాటేలోపు కరిగిపోయాయి. చేసేవాళ్ల ముఖాలు వాడిపోయాయి కానీ నాకు మాత్రం దారి ఇక్కడే కనబడింది. కంపెనీ ఆస్పిరిన్ కూడా అంతే తక్కువగా, అంతే వెడల్పుగా కరుగుతోందంటే, ఇక పిల్లల తయారీని తప్పుపట్టడానికి లేదు. మిగిలింది వేడిచేసే తీరు ఒక్కటే.

నిదానం చేసిన చెడుపు

వాళ్లు ఎలా వేడి చేస్తున్నారో పక్కన నిలబడి చూశాను. గది ఉష్ణోగ్రత నుంచి ట్యూబు లోపలే ఉంది. బర్నర్ చిన్న మంట, నిమిషానికి డిగ్రీ కూడా పెరగడంలేదు. 100 దాటినాక ఇంకా తగ్గించారు. "నిదానంగా చేస్తేనే కరెక్ట్ వస్తుందని చెప్పినారు సార్," అంది ఆ రెండు అంకెలు రాసిన అమ్మాయి. చాలా పదార్థాలకు ఆ మాట నిజమే. త్వరగా వేడి చేస్తే నూనె వేడికి, ట్యూబులో పొడి వేడికి, థర్మామీటర్ చూపించేదానికి పొంతన ఉండదు. అందుకే చివర్లో నిమిషానికి ఒకటి రెండు డిగ్రీలు అంటాం.

ఆస్పిరిన్ ఆ చాలా పదార్థాల్లో లేదు. కరిగే ఉష్ణోగ్రతకు చాలా ముందునుంచే అది విడిపోవడం మొదలుపెడుతుంది. 100 పైన అరగంట ఉంచితే, కరిగే వేళకు ట్యూబులో ఉన్నది ఆస్పిరిన్, దాని విడిభాగాల మిశ్రమం. ఆ విడిభాగాలే మలినాలై మెల్టింగ్ పాయింట్‌ను దించి, వెడల్పు చేస్తాయి. ఎంత జాగ్రత్తగా నిదానిస్తే అంత పాడవుతుంది.

ఇది ఊహగా మిగలకూడదని రెండు ప్రయోగాలు చేశాం. బెంజాయిక్ యాసిడ్‌ను ఒకసారి చల్లటి నూనె నుంచి నిదానంగా, ఇంకోసారి 110 దగ్గర పెట్టి నిమిషానికి 2 డిగ్రీల చొప్పున వేడి చేశాం. రెండుసార్లూ 121. తేడా లేదు. అదే రెండు తీరుల్లో మా ఆరిన ఆస్పిరిన్: చల్లగా మొదలుపెడితే 128–132, నూనెను ముందే 120కి తెచ్చి అప్పుడు ట్యూబు దించి, నిమిషానికి 2 డిగ్రీల చొప్పున పెంచితే 133–134.5. కాడ దిద్దుబాటు కలిపితే 134.5–136. మాత్రల నుంచి తీసినదీ అంతే. రెండూ కలిపి నూరి పెడితే, అదీ అక్కడే కరిగింది.

బెంజాయిక్ కదలకపోవడం వల్లే ఈ ఫలితాన్ని నేను నమ్మాను. పరికరంలో లోపం ఉంటే రెండు పదార్థాలకూ తేడా వచ్చేది. ఇది ఆస్పిరిన్‌కు మాత్రమే వచ్చింది.

అప్పుడు ఎవరో ఫోన్‌లో వెతికి, యూరోపియన్ ఫార్మకోపియాలో (మందుల ప్రమాణాల పుస్తకంలో) 143 అని ఉందే, మరి మనది ఇంకా తక్కువే కదా అని అడిగారు. మంచి ప్రశ్న. ఆ 143 ఇన్‌స్టంటేనియస్ పద్ధతిలో వచ్చేది. లోహపు దిమ్మెను ముందే వేడిగా ఉంచి, దానిమీద పొడిని చల్లి, పడిన వెంటనే కరిగిందా అని చూస్తారు. విడిపోవడానికి సమయమే దొరకదు. చల్లటి నూనె నుంచి పాకిస్తే 130 దగ్గర, 120 దగ్గర దించితే 135 దగ్గర, వేడి దిమ్మె మీద చల్లితే 143 దగ్గర. మూడూ స్వచ్ఛమైన ఆస్పిరిన్‌వే. విడిపోయే పదార్థానికి అంకె పక్కన పద్ధతి రాయకపోతే ఆ అంకెతో ఏమీ తేల్చలేం.

చిన్నవే కానీ వెడల్పును పెంచినవి

ట్యూబులో పొడిని సెంటీమీటరు ఎత్తు నింపుతున్నారు. 2–3 మిల్లీమీటర్లు చాలు, ఎక్కువైతే కింద కరిగినా పైన కరగదు. పొడి దిగడానికి ట్యూబును వేలితో తడుతూ కూర్చున్నారు; బల్ల మీద పొడవాటి గాజు గొట్టం నిలబెట్టి అందులోంచి జారవిడిస్తే గట్టిగా దిగుతుంది. పారఫిన్ ఎన్నేళ్లదో, గోధుమరంగులో ఉంది, లోపల ఏం జరుగుతోందో కనబడదు, మార్పించాను. పొడి ముడుచుకుని గోడ నుంచి విడివడటాన్నే కొందరు కరగడం మొదలైనట్టు రాస్తున్నారు. మొదటి ద్రవపు చుక్క కనబడినప్పుడు మొదలు, చివరి స్ఫటికం మాయమైనప్పుడు ముగింపు.

ఏం మార్చారు

మాన్యువల్‌లో ఆ ప్రయోగం పేజీకి మేడమ్ ఒక కాగితం అంటించారు: ఆల్కహాల్ నుంచి రీక్రిస్టలైజేషన్, డెసికేటర్‌లో ఆరబెట్టడం, 120 దగ్గర ట్యూబు దించడం. ప్రాక్టికల్ రోజు ముందుగా ఒక ట్యూబు బెంజాయిక్ యాసిడ్ కరిగించి, ఆ రోజు అంకెను బోర్డు మీద రాస్తారు. మార్కులు ఇచ్చే తీరు గురించి మాకు కొంత వాదన జరిగింది. అంకె పుస్తకానికి ఎంత దగ్గరుందనేదానికన్నా, రేంజ్ ఎంత ఇరుకుగా ఉంది, ఏ తీరులో వేడి చేశారో రాశారా అనేది చూడమన్నాను. దగ్గరతనానికే మార్కులు ఇస్తే, పిల్లలు 131 చూసి 135 రాస్తారు. బయటి నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒప్పుకోరేమోనని మేడమ్ అన్నారు. సగం మార్కులు ఇటు, సగం అటు అన్నచోట ఆగింది.

తేలనిది ఒకటి మిగిలింది. ఒకతని శాంపిల్ 134–136కి, అందరిలాగే కరిగింది, కానీ ఫెర్రిక్ క్లోరైడ్‌తో లేత గులాబీ ఛాయ వదలడంలేదు. ఆ పరీక్ష చాలా సున్నితం, అతి కొద్ది సాలిసిలిక్ యాసిడ్ ఉన్నా రంగు పట్టిస్తుంది. అంత కొద్దిది మెల్టింగ్ పాయింట్‌ను కదిలిస్తే అర డిగ్రీ కదిలించవచ్చు, మా థర్మామీటర్ మీద అది తెలియదు. టీఎల్‌సీ ప్లేట్లు (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపించే పూత ప్లేట్లు) వచ్చాక సాలిసిలిక్ యాసిడ్ పక్కన దీన్ని నడిపి చూద్దామని ఆ వయల్‌ను డెసికేటర్‌లో పెట్టించాను. అతనికి మాత్రం మార్కులు తగ్గించవద్దని చెప్పి వచ్చాను.